రోడ్డు మీది దెబ్బ ఇంట్లోకి వచ్చిన కాలం

కరోనా మహమ్మారి గురించి మనం మాట్లాడుకునేటప్పుడు ఆక్సిజన్ సిలిండర్లు గుర్తొస్తాయి. నలుగురైదుగురితో ముగిసిన జనాజా నమాజులు గుర్తొస్తాయి. నెత్తిన మూటలతో జాతీయ రహదారి వెంట నడిచిపోయిన కూలీలు గుర్తొస్తారు. అది ఊపిరికి సంబంధించిన జబ్బు కాబట్టి ఊపిరి లెక్కలే తీశాం. 2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలై ఐదేళ్లు దాటింది. 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. అంతటితో ఆ అధ్యాయం మూసేశాం. కాగా ఆ జబ్బు తాకని మనుషుల ఒంటి మీద కూడా ఆ కాలం గుర్తులు వదిలి వెళ్లింది. వాటిలో ఒకటి ముఖంలోని ఎముకలు విరగడం. దవడ, ముక్కు దూలం, చెంప ఎముక, కంటి గూడు విరిగిన కేసులు ఆ రెండేళ్లలో ఎలా మారాయన్నది వైద్యుల పత్రికల్లో విస్తృతంగా చర్చకు వచ్చింది. మన ఇళ్లలో మాత్రం రాలేదు. ఈ వారం ఆ విషయాన్నే పరిశీలిద్దాం.

జబ్బుకూ దవడ విరగడానికీ ఏమిటి సంబంధమని పాఠకులు అడగవచ్చు. సూక్ష్మజీవి దవడ విరగ్గొట్టదు, నిజమే. కాని అది మనుషులు తిరిగే చోటును మార్చింది. రోడ్డు మీద ఉండే మనిషిని ఇంట్లో కూర్చోబెట్టింది. మనిషి ఎక్కడుంటే దెబ్బ అక్కడే తగులుతుంది.

రోడ్డు ఖాళీ అయినప్పుడు

మా నల్లపాడు నుంచి చూస్తే ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. గుంటకల్లు వైపు, నడికుడి వైపు రైలు మార్గాలు విడిపోయే జంక్షన్ ఇది. 2012లో గుంటూరు నగరపాలక సంస్థలో కలిసింది. గుంటూరు, నరసరావుపేటల మధ్య తిరిగే బస్సులు, లారీలు, షేర్ ఆటోలు, మోటారు సైకిళ్లు మనకు రోజూ కనిపించేవే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మిరప కోతల కాలం. తెల్లవారకముందే కూలి ఆడవాళ్లు ఆటోల్లో, ట్రాక్టర్లలో కిక్కిరిసి పొలాలకు వెళతారు. కల్లాల నుంచి మిర్చి టిక్కీలు యార్డుకూ కోల్డ్ స్టోరేజీలకూ తరలుతుంటాయి. ఈ రద్దీలో మోటారు సైకిల్ మీది మనిషి ఎగిరి పడితే ముందుగా నేలను తాకేది ముఖమే. అందుకే మన దేశంలో ముఖం ఎముకలు విరగడానికి మొదటి కారణంగా రోడ్డు ప్రమాదాన్నే వైద్యులు చెబుతూ వచ్చారు. బాధితుల్లో ఎక్కువ మంది ఇరవై, ముప్పై ఏళ్ల మగవాళ్లు. అంటే ఇంటికి సంపాదించి పెట్టేవాళ్లు.

2020 మార్చి ఆఖరున ఇదంతా ఒక్కసారిగా ఆగిపోయింది. మిర్చి యార్డు మూతపడింది. బస్సులు డిపోల్లో నిలిచాయి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2019లో దేశంలో 4,49,002 రోడ్డు ప్రమాదాలు జరిగితే, 2020లో 3,66,138 జరిగాయి. మరణాలు 1,51,113 నుంచి 1,31,714కు తగ్గాయి. ఇది ఒక్క ఏడాదిలో వచ్చిన మార్పు. లాక్‌డౌన్ పట్టుగా అమలైన వారాల్లో ఆసుపత్రులకు వచ్చే ముఖం గాయాలు ఇంకా బాగా తగ్గాయని మన దేశం నుంచీ, ఇతర దేశాల నుంచీ వైద్యులు రాశారు.

అయితే ఈ లెక్కలోనే ఒక హెచ్చరిక దాగి ఉంది. ప్రమాదాలు దాదాపు 18 శాతం తగ్గితే మరణాలు 13 శాతమే తగ్గాయి. 2019లో ప్రతి నూరు ప్రమాదాలకు సుమారు 34 మంది చనిపోగా, 2020లో 36 మంది చనిపోయారు. ఖాళీ రోడ్డు మీద వేగం పెరిగిందన్నది దీనికి నిపుణులు చెప్పిన కారణాల్లో ఒకటి. వేగం పెరిగిన కొద్దీ ముఖంలో ఒక ఎముక కాదు, నాలుగైదు ఎముకలు కలిసి నుజ్జవుతాయి.

మన ప్రాంతంలో అన్ని బతుకులూ ఆగలేదన్నది కూడా మరువరాదు. వ్యవసాయ పనులకు మినహాయింపు ఉండేది. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల దగ్గర మిరప కోతకు వెళ్లి వస్తున్న కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని ఢీకొంది. తీగలు తెగిపడి తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. దేశమంతా ఇంట్లో కూర్చున్న రోజుల్లో కూడా కూలి మనిషికి రోడ్డు తప్పలేదు.

ఇల్లు నిండినప్పుడు

ఇక రెండో వైపు చూద్దాం. ప్రమాదాలు తగ్గాయి కాబట్టి ముఖం గాయాలన్నీ అదే లెక్కన తగ్గాయా? లేదు. పలు దేశాల ఆసుపత్రుల నుంచి వచ్చిన నివేదికలు చాలా వరకు ఒకే మాట చెప్పాయి. మొత్తం సంఖ్య తగ్గింది, అందులో రోడ్డు ప్రమాదాల వాటా తగ్గింది. ఇంట్లో జారిపడిన వారి వాటా, మనిషి మనిషిని కొట్టిన గాయాల వాటా అనేక చోట్ల పెరిగింది. బార్లు, పబ్బులు మూతపడ్డ కొన్ని దేశాల్లో వీధి కొట్లాటలు తగ్గాయి. బస్సు ఎక్కడానికి భయపడి సైకిల్ పట్టిన చోట సైకిల్ మీంచి పడిన గాయాలు పెరిగాయి. ఊరిని బట్టి, అలవాటును బట్టి వివరాలు మారాయి గాని, వీధిలోని దెబ్బ ఇంటివైపు జరిగిందన్న సంగతి మాత్రం చాలా చోట్ల కనిపించింది.

ఇక్కడ వాటాకూ సంఖ్యకూ తేడా తెలుసుకోవాలి. ఉదాహరణకు ఒక ఆసుపత్రికి నెలకు వంద ముఖం గాయాల కేసులు వచ్చేవని, అందులో పది ఇంట్లో తగిలినవని అనుకుందాం. లాక్‌డౌన్‌లో నలభై కేసులే వచ్చి, అందులో పది ఇంట్లోవే అయితే, వాటా పది శాతం నుంచి ఇరవై అయిదుకు పెరుగుతుంది. సంఖ్య మారలేదు. అలాంటప్పుడు ఇళ్లలో హింస పెరగలేదని సంబరపడవచ్చా? పడరాదు. ఆ రోజుల్లో ఇల్లు దాటి ఆసుపత్రికి రావడమే గగనం. ఆటో లేదు. చౌరస్తాలో పోలీసు. ఆసుపత్రికి పోతే జబ్బు అంటుకుంటుందని భయం. అంత కష్టంలోనూ పది మంది వచ్చారంటే, రాలేకపోయినవారు ఇంకెందరో ఉన్నారన్న మాట. ఆసుపత్రి రిజిస్టరులో ఉండేది వచ్చినవారి పేర్లు. రానివారి పేర్లు ఏ రిజిస్టరులోనూ ఉండవు.

రానివారి గురించి కొంత జాడ వేరే చోట దొరుకుతుంది. జాతీయ మహిళా కమిషన్‌కు 2020 మార్చి 23 నుంచి ఏప్రిల్ 16 వరకు 239 గృహహింస ఫిర్యాదులు అందాయి. దానికి ముందు 25 రోజుల్లో అందినవి 123. అంటే దాదాపు రెట్టింపు. ఫోన్ భర్త చేతిలో, ఇల్లు అత్తమామల కళ్ల ముందు ఉండగా ఫిర్యాదు చేయగలిగినవారి లెక్క ఇది. ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ 2020 ఏప్రిల్ మొదటి వారంలోనే, యుద్ధభూమిలోనే కాదు ఇళ్లలోనూ కాల్పుల విరమణ కావాలని ప్రభుత్వాలకు విజ్ఞప్తి చేయవలసి వచ్చింది.

సారా కూడా ఈ కథలో ఉంది. మన రాష్ట్రంలో లాక్‌డౌన్‌తో మద్యం దుకాణాలు మూతపడి, 2020 మే 4న తెరుచుకున్నాయి. తొలుత 25 శాతం, మర్నాడు మరో 50 శాతం ధరలు పెంచినా బారులు తగ్గలేదు. జూలై ఆఖరున కట్టడిలో ఉన్న కురిచేడులో మద్యం దొరకక శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. తాగుడు ఎంత లోతుకు దిగిందో ఆ ఘటన చూపించింది. పని లేదు, చేతిలో డబ్బు లేదు, మందు దొరకదు లేదా రెట్టింపు ధరకు దొరుకుతుంది. ఆ కోపం ఎవరి మీద తీరుతుందో వేరే చెప్పనక్కరలేదు. మన మొహల్లాలలో తాగుడు లేదని పెద్దలు అంటుంటారు. రాత్రి పొద్దుపోయాక మన సందుల్లో నడిచి చూసినవారు ఆ మాట గట్టిగా అనలేరు. పైగా తాగనివాడు కొట్టడన్న భరోసా కూడా లేదు.

కట్టడి పేరుతో తగిలిన దెబ్బలు కూడా ఉన్నాయి. 2020 ఏప్రిల్ 20న సత్తెనపల్లిలో మందుల కోసం బయటకు వచ్చిన ఒక ముస్లిం యువకుడు చెక్‌పోస్టు దగ్గర కుప్పకూలి మరణించాడు. పోలీసులు కొట్టారని కుటుంబం ఆరోపించింది, ఎస్.ఐ.ని సస్పెండ్ చేశారు. జూలైలో చీరాలలో మాస్కు విషయమై పోలీసులు ఆపిన ఒక దళిత యువకుడు గాయాలతో మరణించాడు. కొట్టారని కుటుంబం, జీపులోంచి దూకాడని పోలీసులు చెప్పారు. ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. జబ్బు నుంచి కాపాడే పనిలో లాఠీకి ఎంత చోటివ్వాలన్న ప్రశ్నకు ఈనాటికీ స్పష్టమైన జవాబు రాలేదు.

ఎముక అబద్ధం చెప్పదు

ముఖంలోని ఎముకలు ఎక్కడ పడితే అక్కడ విరగవు. ఏ దిక్కు నుంచి, ఎంత బలంతో దెబ్బ తగిలిందన్న దాన్ని బట్టి కొన్ని గీతల వెంట విరుగుతాయి. ఫ్రాన్సుకు చెందిన రెనే లె ఫోర్ 1901లోనే పై దవడ విరిగే గీతలను వర్గీకరించాడు. నేటికీ వైద్యులు అతని పేరుతోనే వాటిని పిలుస్తారు. బండి మీంచి ఎగిరిపడినవారికి సాధారణంగా పలు ఎముకలు కలిసి విరుగుతాయి. తట్టుకొని బోర్లా పడినవారికి గడ్డం నేలకు కొట్టుకొని, ఆ అదురు పైకి పాకి చెవి ముందరి దవడ కీలు దగ్గర విరుగుతుంది. పిడికిలి దెబ్బ వేరు. కొట్టేవారిలో ఎక్కువ మందిది కుడిచేతి వాటం కాబట్టి ఎదుటి మనిషికి ఎడమ చెంప, ఎడమ కంటి గూడు, ముక్కు, ఎడమ దవడ దెబ్బతినడం ఎక్కువ.

బాత్‌రూమ్‌లో జారిపడ్డానని చెప్పే మనిషికి అరచేతులూ మోచేతులూ మోకాళ్లూ కూడా గీసుకుపోయి ఉంటాయి. పడేటప్పుడు ఎవరైనా చేతులు ముందుకు చాపుతారు. చేతులకు గీత లేకుండా కన్ను ఒక్కటే నల్లబడితే, పాత మచ్చలూ కొత్త మచ్చలూ కలిసి కనిపిస్తే, చెప్పిన మాటకూ గాయానికీ పొంతన లేదని వైద్యుడికి అర్థమవుతుంది. ప్రతి గాయం వెనుకా భర్త చెయ్యి ఉందని మేము అనడం లేదు. నిజంగా జారిపడేవారూ ఉన్నారు. కాని అడగవలసిన ప్రశ్న అడగకుండా మందు రాసి పంపడం వైద్యం కాదు. పక్కన అత్తగారో భర్తో నిలబడి ఉండగా అడగడం కూడా అడగడం కాదు. ఆమెను ఒక్కదాన్నే గదిలోకి పిలిచి అడగాలి.

లాక్‌డౌన్‌లో ఇది మరీ కష్టమైంది. మాస్కు ముఖాన్ని దాచింది. ముక్కు, పెదవి, దవడ, గాయం తగిలే చోట్లన్నీ గుడ్డ కిందే ఉండిపోయాయి. మామూలు రోజుల్లో అయితే పక్కింటామె చూసి అడిగేది. పుట్టింటివారు వచ్చి చూసేవారు. బడిలో టీచరు పిల్లవాడి చెంప మీది వాపు గమనించేది. ఆ కళ్లన్నీ ఒక్కసారిగా మూసుకుపోయాయి. 2020లో ఏప్రిల్ 25 నుంచి రంజాన్ మాసమంతా మనం ఇళ్లలోనే తరావీహ్ చదువుకున్నాం. మే 25న ఈద్ నమాజు కూడా ఇళ్లలోనే అయింది. జూన్ 8న గాని ప్రార్థనా స్థలాలు తెరుచుకోలేదు. ఆ నెల ఎన్నో ఇళ్లలో ప్రశాంతంగా గడిచింది. కాని ఈద్‌కు చుట్టాలు వచ్చి అలాయిబలాయి ఇచ్చుకునే పండుగ లేకపోవడంతో, ఒక ఆడమనిషి ముఖం చూసేవాళ్లే లేకుండా పోయిన ఇళ్లు కూడా ఉన్నాయి.

గాయానికి గడువు ఉంటుంది

ఇక చికిత్స సంగతి. ముఖం ఎముకకు రక్త ప్రసరణ ఎక్కువ. అందుకే త్వరగా అతుక్కుంటుంది. ఇది వరమూ, చిక్కూ కూడా. సరిగ్గా కూర్చోబెట్టకుండా వదిలేస్తే వంకరగానే అతుక్కుంటుంది. ముక్కు దూలాన్ని సుమారు వారం, పది రోజుల్లోపు సరిచేయాలి. పిల్లలకైతే ఇంకా ముందే. దవడ, చెంప ఎముకలకు రెండు మూడు వారాలు దాటితే మళ్లీ విరగ్గొట్టి సరిచేయవలసి రావచ్చు. కాలు విరిగితే నడవలేడు కాబట్టి ఎవరో ఒకరు మోసుకుపోతారు. ముఖం ఎముక విరిగినా మనిషి నడుస్తాడు, వంట చేస్తుంది, నమాజు చదువుతుంది. అందుకే వాపు తగ్గితే చాలనుకొని గడువు దాటబెడతారు.

లాక్‌డౌన్‌లో ఈ గడువు ఎందరికో దాటిపోయింది. పెద్ద ఆసుపత్రులు కోవిడ్ పడకలకు మళ్లాయి. ఊళ్లలో దంత వైద్యశాలలు మూతపడ్డాయి. ఆపరేషన్ కావాలంటే ముందు కరోనా పరీక్ష, దాని ఫలితం కోసం నిరీక్షణ. వైద్యులకు కూడా భయమే. ఎందుకంటే ఈ సూక్ష్మజీవి మకాం ముక్కు, నోరు, గొంతులోనే. దవడకు ప్లేటు వేయాలంటే డ్రిల్లుతో ఎముకకు రంధ్రం చేయాలి. నీళ్లు పోస్తూ డ్రిల్లు తిప్పితే తుంపరలు గదంతా లేస్తాయి. అందువల్ల వీలైనంత వరకు కోసి ప్లేటు వేయడం మాని, పై పళ్లనూ కింది పళ్లనూ తీగలతో కలిపి కట్టి దవడను అతుకుకోనివ్వాలని అంతర్జాతీయ వైద్య సంఘాలు సూచించాయి. అంటే పాత పద్ధతికి తిరిగి వెళ్లారు. నాలుగు నుంచి ఆరు వారాలు నోరు కట్టేసుకొని, గంజి, పాలు, పళ్లరసం మీద బతకాలి. కూలికి పోయే మనిషికి అది మరో లాక్‌డౌన్.

ముస్లింల విషయంలో ఇంకో అడ్డంకి తోడైంది. 2020 మార్చి ఆఖరున ఢిల్లీ మర్కజ్ వ్యవహారం బయటపడ్డాక, జబ్బును ఒక మతానికి అంటగట్టే ప్రచారం సాగింది. ఢిల్లీ వెళ్లి వచ్చారన్న పేరుతో ఊరూరా ఆరా తీశారు. ఆసుపత్రికి పోతే క్వారంటైన్‌లో పెడతారన్న భయం మన వీధుల్లో బలంగా ఉండేది. 2020 ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీ సభ్యుల మీది కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారన్న అభిప్రాయం వ్యక్తం చేసింది. తీర్పు మంచిదే. కాని ఏప్రిల్‌లో భయపడి ఆసుపత్రికి పోని మనిషి దవడ ఆగస్టు వచ్చేసరికి వంకరగా అతుక్కుపోయి ఉంటుంది. అపవాదును కోర్టు తుడిచివేయగలదు, దాటిపోయిన గడువును వెనక్కి తేలేదు.

2021లో రెండో అల వచ్చేసరికి ముఖం ఎముకల వైద్యులకు మరో పని పడింది. కరోనా తగ్గినవారిలో, ముఖ్యంగా షుగరు వ్యాధి అదుపులో లేనివారిలో, స్టెరాయిడ్లు వాడినవారిలో బ్లాక్ ఫంగస్ వ్యాపించింది. జూన్ 28 నాటికి దేశంలో 40,845 కేసులు నమోదైనట్లు కేంద్ర ఆరోగ్య మంత్రి చెప్పారు. విరిగిన దవడను కాపాడే వైద్యులు కుళ్లిన పై దవడను తొలగించవలసి వచ్చింది. మన రాష్ట్ర ప్రభుత్వం ఆ చికిత్సను మే నెలలో ఆరోగ్యశ్రీలో చేర్చింది. ప్రాణం దక్కినవారిలో చాలా మందికి కృత్రిమ దవడ, కృత్రిమ పళ్ల అవసరం ఇంకా మిగిలే ఉంది.

ఇప్పటికీ మిగిలి ఉన్నది

లాక్‌డౌన్ ఎత్తివేశాక ఏమైంది? రోడ్డు తన లెక్కను తాను సరిచేసుకుంది. 2021లో రోడ్డు మరణాలు 1,53,972కు చేరి 2019ని దాటాయి. 2022లో 1,68,491. 2023లో 1,72,890. అంటే రోడ్డు మీది దెబ్బ రోడ్డుకే తిరిగి వెళ్లింది. ఇంట్లోకి వచ్చిన దెబ్బ మాత్రం తిరిగి వెళ్లిందని చెప్పడానికి ఆధారం లేదు. నిజానికి అది కరోనాతో కొత్తగా వచ్చిందీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పెళ్లయిన స్త్రీలలో దాదాపు 29 శాతం మంది భర్త చేతిలో హింసకు గురైనవారే. హింసకు గురైన స్త్రీలలో ఎవరి సాయమైనా కోరినవారు 14 శాతమే. మహమ్మారి ఈ గాయాన్ని పుట్టించలేదు. రోడ్డు రద్దీ పక్కకు తొలగినప్పుడు వెనుక ఉన్నది బయటపడిందంతే. వాహనాలు మళ్లీ నిండగానే అది మళ్లీ మరుగున పడింది.

ప్రభుత్వ దృష్టి కూడా రోడ్డు మీదే ఉంది. ఉండవలసిందే. 2021 జూన్ 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్ల అమ్మకం నేరం. 2025 మేలో రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల పాటు లక్షన్నర రూపాయల వరకు నగదు చెల్లించకుండా చికిత్స చేసే పథకాన్ని కేంద్రం నోటిఫై చేసింది. ఇది ఆహ్వానించదగినది. మన యువకులు మాత్రం చలానాకు భయపడి సగం హెల్మెట్ పెట్టుకుంటున్నారు. అది నెత్తిని కొంత కాపాడుతుందేమో గాని దవడను కాపాడదు. గడ్డం దాకా కప్పే హెల్మెట్ ఒక్కటే ముఖానికి రక్ష. వెనుక కూర్చునే ఆడవాళ్లకూ అది అవసరమే.

ఇంట్లో దెబ్బతిన్న మనిషికి రోడ్డు బాధితుడికి ఉన్నంత సూటి పథకం లేదు. అయితే చట్టం ఉంది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అది అన్ని మతాల స్త్రీలకూ వర్తిస్తుంది. ఇది షరియత్‌కు సంబంధించిన వివాదం కాదు, తలాక్‌కు సంబంధించినదీ కాదు. కాపురం నిలుపుకుంటూనే రక్షణ కోరవచ్చు. బాధితురాలు కోరితే ఆసుపత్రి వైద్యం చేయాలని, చికిత్స ఖర్చు భర్త చేత ఇప్పించే అధికారం మేజిస్ట్రేటుకు ఉందని ఆ చట్టం చెబుతోంది. ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా ఉత్తర్వు కూడా పొందవచ్చు. 181 నంబరుకు ఫోన్ చేస్తే మహిళా హెల్ప్‌లైన్, 112కు చేస్తే పోలీసులు పలుకుతారు. పెద్దాసుపత్రిలో చూపించుకునేటప్పుడు గాయం ఎలా తగిలిందో ఉన్నది ఉన్నట్లు చీటీలో రాయించుకోవాలి. ఆ రోజు జారిపడ్డానని రాయిస్తే, రేపు న్యాయం కోరినప్పుడు ఆ చీటీయే అడ్డం వస్తుంది.

పిల్లల సంగతి మరీ ముఖ్యం. బడులు మూతపడిన ఆ రోజుల్లో మేడల మీంచి, మెట్ల మీంచి, మంచాల మీంచి పడిన పిల్లలు తక్కువేమీ కాదు. గడ్డానికి నాలుగు కుట్లు వేయించో, పసుపు అద్దో ఊరుకున్నవారు ఉంటారు. గడ్డం కింద చీలిందంటే చెవి ముందరి కీలు విరిగి ఉండవచ్చు. ఎదిగే పిల్లల్లో అది గుర్తించకపోతే కీలు బిగుసుకుపోయి, ఏళ్లు గడిచిన కొద్దీ నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. గడ్డం ఒక వైపుకు లాగేస్తుంది. అప్పుడు నాలుగైదేళ్ల పిల్లలు ఇప్పుడు పదేళ్లవారు. ఈ రోజే మన పిల్లలను నోరు తెరవమందాం. తన మూడు వేళ్లు నిలువుగా పళ్ల మధ్య పట్టాలి. పట్టకపోతే, లేదా తెరిచేటప్పుడు గడ్డం పక్కకు పోతుంటే, దవడ శస్త్ర చికిత్స నిపుణుడికి చూపించాలి. పెద్దల్లోనైతే పళ్లు మునుపటిలా కలవకపోవడం, కింది పెదవి లేదా చెంప మొద్దుబారడం, ఒకటి రెండుగా కనిపించడం ఎముక విరిగిందనడానికి గుర్తులు. నూనె రాసి మర్దన చేయడం, నాటు కట్టు కట్టించడం దవడ విషయంలో మేలు చేయవు, గడువు తినేస్తాయి.

మనం ఏం చేయగలం?

ముఖం మీద కొట్టడాన్ని దైవప్రవక్త (స) నిషేధించారని మన ఇళ్లలో తెలియనివారు లేరు. జంతువు ముఖం మీద కొట్టడం, వాత పెట్టడం కూడా తగదన్నారు. ఇంత స్పష్టంగా ముఖానికి రక్షణ చెప్పిన సంప్రదాయంలో పుట్టినవారం, ఇంట్లోని ముఖాల గురించి మౌనంగా ఉండడం తగునా? జుమా ఖుత్బాలో వరకట్నం గురించి విన్నాం, తాగుడు గురించి విన్నాం. ఈ ఒక్క మాటా విడమరిచి చెప్పిన సందర్భాలు అరుదు. ఖతీబులు చెబితే మగవాళ్లు వింటారు.

2020లో మస్జిద్ కమిటీలు, యువకులు బియ్యం, నూనె, పప్పు సంచులు మోసుకొని గడప గడపకూ వెళ్లారు. హిందువుల ఇళ్లకూ ఇచ్చారు. ఊరంతా తలుపులు వేసుకున్న రోజుల్లో ఆ తలుపులు తట్టినవారు వారే. ఆ సంచులతో పాటు 181 అని రాసిన ఒక చీటీ కూడా ఇచ్చి ఉంటే, వారితో ఇద్దరు ఆడవాళ్లు కూడా వెళ్లి లోపలి మనిషిని పలకరించి ఉంటే ఎంత మేలు జరిగేదో ఆలోచించాలి. మరో మహమ్మారి రావచ్చు, వరదలు రావచ్చు, కర్ఫ్యూ రావచ్చు. జనం ఇంట్లో చిక్కుకుపోయే ఏ కాలానికైనా ఇది ముందుగా సిద్ధం చేసుకోవలసిన పని. సరుకుల జాబితా ఎలాగూ రాసుకుంటాం. ఏ ఇంట్లో తాగుడుంది, ఏ ఇంటి కోడలు నెల రోజులుగా ఎవరికీ కనిపించలేదు అన్న సంగతి మొహల్లా ఆడవాళ్లకు తెలుసు. ఆ ఎరుకను కబుర్లతో సరిపెట్టకుండా సాయంగా మార్చాలి.

ప్రభుత్వం చేయవలసింది కూడా ఉంది. కట్టడి విధించినప్పుడు ఏ ఆసుపత్రిలో గాయాలకు చికిత్స ఆగదో ముందే ప్రకటించాలి. కోవిడ్ రోగులకు ఒక దారి, దెబ్బ తగిలినవారికి ఒక దారి ఉండాలి. గృహహింస బాధితురాలు చెక్‌పోస్టు దాటడానికి పాసు అడగకూడదు. ముఖం గాయంతో వచ్చిన ప్రతి స్త్రీనీ ఒంటరిగా పిలిచి అడిగే ఏర్పాటు జిల్లా ఆసుపత్రుల్లో తప్పనిసరి చేయాలి.

ఆసుపత్రికి వచ్చే గాయాలు తగ్గాయన్న వార్త మళ్లీ ఎప్పుడైనా వింటే, ఆనందించే ముందు ఒక్క ప్రశ్న వేసుకుందాం. గాయాలు తగ్గాయా, లేక గాయపడినవారు రావడం తగ్గిందా? దాని జవాబు పెద్దాసుపత్రి రిజిస్టరులో దొరకదు. మన సందులో, మన గడపలో, మన పక్కింట్లోనే వెతకాలి.